శనివారం, కిందికి

కరెంటు బిల్లు వెనక రాస్తున్నాను.
శనివారం. కటోవిచెలో ఏడూ ఇరవైకి రైలు.
మొదట టార్నోవ్‌స్కే గూరి, పాత వెండిగని.
ఊరు పెద్దదేం కాదు, దాని కాళ్ళ కింద మాత్రం
ఊరికి మించిన చీకటి ఉందంటారు.
సొరంగం నీళ్ళలో పడవ ఎక్కిస్తారట.
బ్రూనోకి పదేళ్ళు. పడవ అన్న మాట వినగానే
సంచి సర్దేశాడు: టార్చి, ఈల,
అరడజను బ్యాటరీలు,
ఎందుకో మరి, ఒక దిక్సూచి.

తర్వాత జబ్జె. బొగ్గుగని. ఇప్పుడది మ్యూజియం.
మూడువందల ఇరవై మీటర్లు, బోనులాంటి లిఫ్టులో.
గుటక వేసేలోపు చెవులు మూసుకుపోతాయట.
అడుగున బీరు కూడా పోస్తారు.
ఆ మాట పక్కన చుక్క గీశాను, నాన్న కోసం.

స్వెటర్లు అని రాశాను, కింద ఎండాకాలం ఉండదు.
పాత బూట్లు. రొట్టె, పందికొవ్వు, ఉప్పు దోసకాయలు.
రెండు గనుల మధ్య గంటన్నర మిగులుతోంది.
దాన్నెక్కడ సర్దాలో తెలియక
'భోజనం?' అని రాసి వదిలేశాను.

నాన్న చదివాడు.
కళ్ళజోడు నుదుటికెత్తి మళ్ళీ చదివాడు.
"ముప్ఫై ఒక్కేళ్ళు నాకు జీతమిచ్చి దింపారు.
ఇప్పుడు ఎదురు డబ్బిచ్చి దిగాలా?"

పింఛను వాళ్ళకి తక్కువ ధరే నాన్నా, అన్నాను.
"అయితే తక్కువ లోతుకే దింపుతారేమో కనుక్కో."

నాకు తెలిసిన గని
మా వంటింటి వరకే వచ్చి ఆగేది.
తువ్వాలు మీద నల్లటి చెవి ముద్ర.
ఎంత రుద్దినా పోని కాటుక, ఆయన రెప్పల అంచున.
మా వీధి పిల్లలందరి నాన్నలకీ అవే కళ్ళు;
నాన్నలంటే అలాగే పుడతారనుకునేదాన్ని.
మెట్ల మీద ఆయన అడుగు వినబడేదాకా
అమ్మ సూపు గిన్నె మూత తీసేది కాదు.
ఆడది గనిలో కాలు పెడితే అరిష్టమనేవాళ్ళు.
ఇప్పుడు నా పేరు మీదే మూడు టికెట్లు.

రాత్రి దీపం ఆర్పబోతూ చూస్తే
నా కాగితం నిండా పెన్సిలు.
వెండి కొట్టేసి, 'ముందు బొగ్గు.
పొద్దున దిగడమే నాకు అలవాటు.'
భోజనం పక్క ప్రశ్నార్థకం తుడిచేసి, 'కిందే.
రొట్టెను కాగితంతో పట్టుకోవాలి, వేళ్ళతో కాదు.'
నేను రాసినవన్నీ దిగే వేళలు.
ఆయన ఒక్కోదాని పక్కనా
పైకొచ్చే వేళ వేశాడు,
రెండుసార్లు దిద్ది.

శుక్రవారమంతా మనవడికి పాఠం.
కింద ఎవరైనా ఎదురైతే
'శుభోదయం' అనకూడదు.
"అక్కడ ఉదయం ఎక్కడిదిరా?
దేవుడు నిన్ను చల్లగా చూడాలి, అనాలి.
అవతలివాడూ అదే అంటాడు.
అనకపోతే వాడు మ్యూజియంవాడు."

శనివారం ఆరింటికే
పెరట్లో పావురాల గూటి దగ్గరున్నాడు.
గింజలు పోశాడు, నీళ్ళు మార్చాడు,
కుంటి కాలి ఆడపావురాన్ని చేతిలోకి తీసుకుని
ఏదో చెప్పి వదిలాడు.
తర్వాత గెరార్డ్ తలుపు తట్టాడు.

ఎర్ర చట్రాల కిటికీలోంచి కేకేశాను:
సాయంత్రానికి వచ్చేస్తాం కదా నాన్నా,
మేత వేసే ఉంది కదా!

"తెలుసు" అన్నాడు, తల తిప్పకుండా.
గూటి తాళంచెవి అప్పటికే చేయి మారింది.
గెరార్డ్ ఎక్కడికని అడగలేదు.
నైట్‌డ్రెస్ జేబులో వేసుకుని
జేబు పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు,
ఆ ముప్ఫై ఒక్కేళ్ళూ చూసుకున్నట్టే.

ఏడూ ఇరవై రైలు
ఎనిమిది నిమిషాలు ఆలస్యమని
బ్రూనో మెట్ల మీంచి ఈల వేస్తున్నాడు.
నాన్న జేబులోంచి పెన్సిలు తీసి
వేళలన్నీ
ఎనిమిదేసి నిమిషాలు జరుపుతున్నాడు.